సైక్లోస్టైల్ మిషనూ, దాని కరెంటు కథా



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శి గారు కోరినప్పుడు, పి.ఆర్.సి.ల గురించీ డి.ఏ. బకాయిల గురించీ నా కంటే బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు గనుక ఆ జోలికి పోకుండా, మనందరి చేతులకూ సిరా అంటించిన ఒక యంత్రాన్ని ఎంచుకున్నాను. మన సీనియారిటీ జాబితాలు, బదిలీ ఉత్తర్వులు, మీటింగు నోటీసులు, సమ్మె కరపత్రాలు అన్నీ దాని కడుపులోంచి వచ్చినవే. కొందరు రోనియో అనేవారు, కొందరు సైక్లోస్టైల్ అనేవారు, స్టోర్సు రిజిస్టరులో మాత్రం 'డూప్లికేటర్' అని రాసేవారు. దాని గురించి నాలుగు మాటలు, ముఖ్యంగా దానికి కరెంటు ఎక్కించడంలో పడ్డ పాట్ల గురించి, వ్రాస్తాను. ఇందులో ఒక పాత అన్యాయం సంగతి కూడా ఉంది. అది చివర్లో వస్తుంది.

మొదట ఒక మాట. మన ఆఫీసుల్లో కరెంటు అంటే రెండు అర్థాలు. తపాలాలో వచ్చి నంబరు పడిన ప్రతి కాగితమూ మనకు 'కరెంటే'. పర్సనల్ రిజిస్టరులో ఎక్కించేది దాన్నే. నేను 1971లో ఎల్.డి.సి.గా చేరిన మొదటి వారంలో హెడ్ గుమాస్తా గారు "మీ సీటులో కరెంట్లు ఎన్ని ఉన్నాయయ్యా?" అని అడిగితే నేను తలెత్తి ఫ్యాను వైపు చూశాను. ఈ వ్యాసంలో కరెంటు అంటే తీగలో వచ్చేదే.

నకలు తీసే పనిలో కరెంటు గొడవ మన కాలంలో మొదలైంది కాదు. అమెరికాలో థామస్ ఎడిసన్ 1876లో ఎలక్ట్రిక్ పెన్ అనే పరికరానికి పేటెంటు పొందాడు. కలం నెత్తిన చిన్న మోటారు, లోపల సన్నని సూది. రాస్తూ ఉంటే ఆ సూది నిమిషానికి వేలసార్లు కిందికీ పైకీ ఆడి, అక్షరం వెంట కాగితానికి రంధ్రాలు పొడుస్తుంది. ఆ కాగితాన్ని చట్రంలో బిగించి పైన సిరా రోలరు దొర్లిస్తే కింది కాగితం మీద అక్షరాలు దిగుతాయి. ఆలోచన గొప్పదే గాని, మోటారుకు కరెంటు ఇచ్చేది బల్ల మీద పెట్టుకున్న ఆమ్లం జాడీల బ్యాటరీ. రాతపని చేయవలసిన గుమాస్తా ఆమ్లం కలుపుకుంటూ, జాడీలు కడుక్కుంటూ కూర్చోవలసి వచ్చింది. అందుచేత అది ఎక్కువకాలం నిలవలేదు. (ఆ కలం సూత్రంతోనే 1891లో న్యూయార్కులో ఒకాయన పచ్చబొట్టు పొడిచే మిషన్ తయారుచేశాడు. అది మాత్రం ఇప్పటికీ బ్రతికే ఉంది.) తర్వాత షికాగోలో ఎ.బి. డిక్ అనే వ్యాపారి ఎడిసన్ పేటెంట్లు తీసుకుని, కరెంటు అక్కరలేని పద్ధతిలో 1887లో మిమియోగ్రాఫ్ అమ్మడం మొదలుపెట్టాడు.

ఇటు లండన్‌లో డేవిడ్ గెస్టెట్నర్ కూడా బ్యాటరీని అవతల పెట్టాడు. ఈయన హంగరీ దేశంలో చోర్నా అనే ఊళ్ళో 1854లో పుట్టి, లండన్‌లో స్థిరపడ్డవాడు. 1881లో ఆయన తెచ్చిన కలం కొనకు చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. మైనం పూసిన పల్చటి కాగితం మీద ఆ చక్రం దొర్లుతూ రంధ్రాలు చేస్తుంది. చక్రంతో రాసే కలం గనుక సైక్లోస్టైల్. సైకిలులో ఉన్న సైకిలూ ఇందులో ఉన్న సైక్లోనూ ఒక తల్లి బిడ్డలే. తర్వాత చక్రపు కలం పోయి టైపు మిషన్ వచ్చింది, పలక పోయి గుండ్రటి డ్రమ్ము వచ్చింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. రోనియో అన్న పేరూ ఇలాంటిదే, 'రోటరీ నియోస్టైల్' అన్న రెండు మాటల మొదటి ముక్కలు.

ఇక్కడ మన వాళ్ళకు నచ్చే చిన్న విశేషం ఒకటి ఉంది. గెస్టెట్నర్ ఫ్యాక్టరీ 1906లో లండన్‌లోని టాటెన్‌హామ్ అనే పేటలో వెలిసింది. మనం ఉద్యోగమంతా తలమీద పెట్టుకుని మోసిన డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ పద్ధతిని 'టాటెన్‌హామ్ సిస్టమ్' అంటారని మీకు గుర్తుండే ఉంటుంది. అది మద్రాసు రాజధాని నాటి ఒక ఐ.సి.ఎస్. అధికారి ఇంటిపేరు, ఇది ఊరిపేరు. రెంటికీ సంబంధమేమీ లేదు. కానీ ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్ళు, కె.డిస్. అయితే మూడేళ్ళు, ఎల్.డిస్. అయితే ఒక ఏడాది అని లెక్కలు కట్టి కాగితాన్ని తగలబెట్టే పద్ధతీ, ఆ కాగితాన్ని వందల కొద్దీ పుట్టించే యంత్రమూ రెండూ టాటెన్‌హామ్‌లే కావడం నాకు ఎప్పుడు తలచుకున్నా నవ్వు తెప్పిస్తుంది.

1929లో గెస్టెట్నర్ కంపెనీ వారు రేమండ్ లోవీ అనే ఆయన చేత యంత్రం రూపం మార్పించారు. అంతకుముందు పళ్ళచక్రాలు, కడ్డీలు, కప్పీలు అన్నీ బయటికే కనిపించేవి. లోవీ వాటన్నిటినీ నున్నటి తొడుగుల కింద దాచేశాడు. చూడ్డానికి అందమే. దుమ్ము పడకుండా ఉండటానికీ మంచిదే. మోటారూ, వైర్లూ కూడా ఆ తొడుగుల్లోకే వెళ్ళాయి. మూత విప్పితేగాని లోపల ఏముందో తెలియని కాలం అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

ఇక మన ఆఫీసులకు వస్తాను. అప్పట్లో టైపు మిషన్ మీద కార్బన్ పేపర్లు పెట్టి కొడితే అయిదారు కాపీలు వచ్చేవి. ఆరో కాపీ చదవడానికి భక్తి ఉండాలి. అంతకు మించితే స్టెన్సిలే. టైపు మిషన్ రిబ్బను తప్పించి, ఉత్త అచ్చులతో స్టెన్సిల్ మీద కొట్టాలి. తప్పు పడితే ఆ ఎర్రటి ఫ్లూయిడు బ్రష్షుతో రాసి, ఆరేదాకా నోటితో ఊది, మళ్ళీ కొట్టాలి. ఆ ఫ్లూయిడు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఇంగ్లీషులో 'ఓ' అక్షరం గట్టిగా కొడితే మధ్యముక్క ఊడి నల్లటి చుక్క పడేది. 1966 అధికార భాషా చట్టం తర్వాత తెలుగులో ఉత్తర్వులు పెరిగేసరికి టైపిస్టుల కష్టం ఇంకా ఎక్కువైంది. మన అక్షరాలన్నీ గుండ్రనివే గదా! మంచి స్టెన్సిల్ మీద వెయ్యి కాపీలు తేలిగ్గా వచ్చేవి. పని తెలిసినవాడైతే ఇంకా లాగేవాడు.

పని తెలిసినవాడు అనగానే మా రోనియో ఆపరేటరు గుర్తుకొస్తారు. మేమంతా ఆయన్ను బాబాయి అనేవాళ్ళం. ఆయన స్టెన్సిల్ తగిలిస్తే ముడత పడేది కాదు. కాగితాలను పేకముక్కల్లాగా విసనకర్ర చేసి, గాలి పట్టించి, ట్రేలో పెట్టేవారు. వర్షాకాలంలో కాగితం చెమ్మగిల్లి రెండేసి పోతుంటే ఒక రోజు ముందే బీరువా మీద ఆరబెట్టేవారు. ఆయన జీతం మాత్రం ఆఫీసులో అందరికంటే కింది వరుసలోనే ఉండేది.

ఈ యంత్రం అమాయకమైనదేమీ కాదు. 1942 క్విట్ ఇండియా రోజుల్లో రహస్య కరపత్రాలు చాలాచోట్ల దీని మీదే వచ్చాయి. 1867 నాటి ప్రెస్సు చట్టం కూడా 'ముద్రణ' అన్న మాటకు అర్థం చెబుతూ సైక్లోస్టైల్‌ను అందులో చేర్చుకుంది. (ఆ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం చేశారు.) 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చి పత్రికలకు సెన్సారు పెట్టినప్పుడు మళ్ళీ సైక్లోస్టైల్ కాగితాలే రాత్రిళ్ళు చేతులు మారాయి. మా సూపరింటెండెంటు గారు భయస్తులు. రోనియో గదికి తాళం వేయించి, ఎన్ని స్టెన్సిళ్ళు వాడామో, ఎన్ని పాడయ్యాయో రోజూ రిజిస్టరులో రాయించి, పాడైనవి తన ఎదుటే చింపించేవారు. 1977 మార్చిలో ఎమర్జెన్సీ పోయింది గాని ఆ రిజిస్టరు ఇంకో రెండేళ్ళు నడిచింది. ఆపమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు మరి.

మాకు కరెంటుతో నడిచే డూప్లికేటరు 1976లో వచ్చింది. పై ఆఫీసులో కొత్తది కొని, పాతది మాకు పంపారు. ఏ కంపెనీదన్నది ఇక్కడ అవసరం లేదు. దాని నేమ్ ప్లేటు మీద '200 నుంచి 250 వోల్టులు, ఏ.సి. లేక డి.సి.' అని ఉండేది. ఒకే మోటారు రెండు రకాల కరెంటు మీదా ఎందుకు నడవాలన్నది అప్పట్లో మాకు అర్థం కాలేదు. ఒకప్పుడు అన్ని పట్నాల్లోనూ ఒకే రకం కరెంటు ఉండేది కాదు. కలకత్తాలో కొన్ని వీధులకు డి.సి. కరెంటే దశాబ్దాల పాటు ఇచ్చారు. అందుకని ఇలాంటి యంత్రాల్లో రెండింటి మీదా తిరిగే 'యూనివర్సల్' మోటారు పెట్టేవారు. కార్బన్ బ్రష్షులు రాగి పలకల మీద రాసుకుంటూ తిరిగే రకం అది, మన ఇళ్ళలో మిక్సీలో ఉండేదీ అదే. ఆ రాపిడిలో నిప్పురవ్వలు లేస్తాయి. రవ్వలు లేస్తే పక్కింటి రేడియోలో గరగర వినిపిస్తుంది. దాన్ని అణచడానికి మోటారు పక్కన ఒక చిన్న కెపాసిటర్ తగిలిస్తారు. ఈ కెపాసిటర్‌ను పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి.

కరెంటు మిషన్ వచ్చిన గొప్ప ఏడాది తిరక్కుండానే దిగిపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ఆ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. మా ఊరు సముద్రానికి కాస్త దూరమే అయినా స్తంభాలన్నీ పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. కొత్త మిషన్ బల్ల మీద బొమ్మలా కూర్చుంది. మూలన పడేసిన చేతిమిషన్‌ను బాబాయి కిరసనాయిలుతో కడిగి బయటికి తీశారు. పెట్రోమాక్స్ వెలుగులో టైపిస్టులు స్టెన్సిళ్ళు కొట్టారు. దీపం వేడికి మైనం మెత్తబడుతుందని దాన్ని దూరంగా పెడితే అక్షరాలు కనబడేవి కావు. ఒక్క తిప్పుకు ఒక్క కాపీ. బియ్యం పంపిణీ పట్టికలు, సహాయ శిబిరాల జాబితాలు, చనిపోయినవారి వివరాలు నింపే ఫారాలు. ఆ ఫారాలు మొదట అయిదు వందలు అడిగారు, మర్నాడు ఇంకో వెయ్యి అడిగారు. ఆ రెండో మాట విన్నప్పుడు హ్యాండిల్ తిప్పుతున్న అటెండరు ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు. ఎవరమూ ఏమీ మాట్లాడలేదు.

తర్వాత కరెంటు వచ్చింది, చేతిమిషన్ మళ్ళీ మూలకు పోయింది.

ఇప్పుడు ఎర్త్ సంగతి. 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే లోహపు తొడుగు ఉన్న యంత్రాలను ఎర్త్ చేయాలని ఉంది. ఉంటే ఏమి? మా గదిలో గోడకు రెండు కన్నాల ప్లగ్గే ఉండేది. మిషన్‌కు మూడు తీగల వైరు ఉన్నా, మూడోదాన్ని మడిచి ప్లగ్గు పక్కన వదిలేశారు. బిల్డింగులో గోడవరకు ఒక శాఖది, మిషన్ కంపెనీ మెకానిక్కుది, మధ్యలో ఉన్న రెండు గజాల వైరు ఎవరిదీ కాదు.

1980 వర్షాకాలంలో బాబాయి ఒకటికి రెండుసార్లు "మిషన్ ముట్టుకుంటే జుమ్మంటోంది బాబూ" అని సెక్షనులో చెప్పారు. నేను విన్నాను, ఇంకా నలుగురు విన్నారు. నోటిమాటగా పైకి కూడా చెప్పారు. 'చూద్దాం' అన్నారు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం, వాన నీరు గదిలోకి వచ్చి గచ్చు తడిగా ఉంది. ఆయన స్విచ్చి వేసి ట్రే సర్దుతుండగా మిషన్ పట్టేసింది. పక్కనున్న అటెండరు బల్ల మీది రూళ్ళకర్రతో ప్లగ్గు కొట్టి ఊడదీశాడు గనుక ప్రాణం దక్కింది. రెండు వేళ్ళు కాలాయి, పడటంలో మోచేతి ఎముక విరిగింది. నలభై రోజులు మెడికల్ లీవులో ఉన్నారు. తిరిగి వచ్చేసరికి మెమో సిద్ధంగా ఉంది. తడి చేతులతో, నిర్లక్ష్యంగా ప్రభుత్వ యంత్రాన్ని వాడినందుకు ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలసినదిగా. ఆ మెమో డిస్పాచ్ నా బల్ల మీదుగానే వెళ్ళింది. ఆయన ఇచ్చిన సంజాయిషీ తెలుగులో ఒక పేజీ. తన చేతులు పొడిగానే ఉన్నాయనీ, మిషన్‌లో లోపం ఉందనీ, ముందే చెప్పాననీ రాశారు. కంపెనీ మెకానిక్కు వచ్చి చూసి, యంత్రంలో లోపం ఏమీ లేదని కాగితం ఇచ్చి వెళ్ళాడు. దాంతో బాబాయికి ఒక ఇంక్రిమెంటు ఏడాది పాటు ఆపారు, కుమ్యులేటివ్ ఎఫెక్ట్ లేకుండా. సర్వీసు రిజిస్టరులో ఎరుపు సిరాతో ఆ పంక్తి ఎక్కింది. 1986లో అదే పంక్తితో రిటైరయ్యారు.

1985లో మండలాలు వచ్చినప్పుడు ఒక్కసారిగా వెయ్యికి పైగా కొత్త ఆఫీసులు లేచాయి. ఫారాలు, ఉత్తర్వులు వరదలా పెరిగాయి. చాలా మండల కేంద్రాల్లో కరెంటు ఉన్నా లేనట్టే గనుక అందరూ హ్యాండిల్ ఉన్న మిషనే కావాలని ఇండెంట్లు పెట్టారు. ఈలోగా జిరాక్సు దుకాణాలు కోర్టుల పక్కనా, రిజిస్ట్రారు ఆఫీసుల పక్కనా పుట్టుకొచ్చాయి. ఆ జిరాక్సు కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ కూడా ఒక కంపెనీ పేటెంట్ల విభాగంలో నకళ్ళు తీయించలేక విసిగిపోయినవాడే. 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని అస్టోరియాలో చిన్న గదిలో మొదటి కాపీ తీసి, దాని మీద ఆ తేదీ, ఆ పేట పేరే రాశాడు. దాని మీద ఆఫీసుల్లో వాడదగ్గ యంత్రం రావడానికి 1959 దాకా పట్టింది, మన జిల్లాలకు రావడానికి ఇంకో పాతికేళ్ళు. తర్వాత జపాను వాళ్ళ రైసోగ్రాఫ్ వచ్చింది. అది కూడా స్టెన్సిల్ యంత్రమే, కాకపోతే స్టెన్సిల్‌ను లోపలే వేడితో తయారుచేసుకుంటుంది. అందులో కరెంటు సరఫరాకు ఒక బోర్డు ఉంటుంది. చెడితే బోర్డంతా మార్చడమే, లోపలి ముక్క ఏది చెడిందో చూసే ఓపిక ఎవరికీ లేదు.

1997లో మా పాత ఆఫీసు వేలంలో ఆ కరెంటు డూప్లికేటరును మన సంఘం 650 రూపాయలకు కొన్నది. పక్కన తెల్ల రంగుతో రాసిన ఆస్తి నంబరు అలాగే ఉంది. మన సమాచార పత్రిక 2003 వరకు దాని మీదే వచ్చింది. ఆ ఏడాది ఒకరోజు స్విచ్చి వేయగానే ఫ్యూజు పోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పోయింది. డి.టి.పి. చౌకగా దొరుకుతున్నందున దాన్ని గోనెపట్టా కప్పి గదిలో పెట్టేశాం. కిందటి సంవత్సరం కార్యవర్గంలో దాన్ని పాత ఇనుముకు అమ్మేయాలని ప్రతిపాదన వచ్చింది. నేనూ, విద్యుత్ బోర్డులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసిన మన సభ్యులొకరూ అభ్యంతరం చెప్పి, బాగుచేసి చూస్తామని ఒక నెల గడువు అడిగాం. ఇద్దరం కలిపి నూట యాభై ఏళ్ళ వాళ్ళం.

ఆయన మొదట చేసిన పని ప్లగ్గును నేరుగా పెట్టకపోవడం. వంద వాట్ల మామూలు బల్బు ఒకటి తెచ్చి, దాన్ని మిషన్‌కు వరుసలో కలిపారు. సీరీస్ లాంపు అంటారు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఫ్యూజు పోదు, ఏదీ పేలదు. మోటారు సవ్యంగా ఉంటే బల్బు మసకగా వెలుగుతుంది. మాది పెళ్ళి పందిట్లో బల్బులాగా వెలిగింది.

తర్వాత తొడుగు విప్పాం. మెయిన్ వైరు రబ్బరు పాతకాలపుది, ముట్టుకుంటే బిస్కట్టులా విరిగింది. దాన్ని తీసేసి కొత్త మూడు తీగల వైరు వేశారు. పాత వైరులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. కొత్తదాంట్లో గోధుమరంగు, నీలం, పసుపుపచ్చ చారల ఆకుపచ్చ. ఈ తేడా తెలియనివారు పాతవాటి జోలికి వెళ్ళకపోవడం మంచిది. వైరు మార్చాక కూడా బల్బు నిండుగానే వెలిగింది. మోటారు తీగలు విప్పి చూస్తే అప్పటికీ అంతే. మోటారు లేకుండానే షార్టు ఉందన్నమాట. మిగిలింది ఆ రేడియో గరగర అణిచే కెపాసిటర్ ఒక్కటే. బొటనవేలంత, మైనం పూసిన అట్టగొట్టం. దాన్ని తప్పించగానే బల్బు ఆరిపోయింది.

ఆయన దాన్ని వెలుతురులోకి తెచ్చి తిప్పి చూస్తూ, "అన్నయ్య గారూ, ఇది చూశారా?" అన్నారు.

ఆ రకం కెపాసిటర్‌కు ఫేజుకు ఒక తీగ, న్యూట్రల్‌కు ఒక తీగ, మిషన్ చట్రానికి ఒక తీగ ఉంటాయి. చట్రానికి ఎర్త్ ఉన్నప్పుడు ఏ ప్రమాదమూ లేదు. ఎర్త్ లేకపోతే, కెపాసిటర్ మంచిగా ఉన్నా సరే, మిల్లీ ఆంపియరులో మూడోవంతు దాకా కరెంటు చట్రంలోకి జారుతుంది. ముట్టుకుంటే జుమ్మంటుంది. లోపలి కాగితం చెమ్మ పట్టి ఫేజు వైపు ముక్క షార్టయిపోతే మొత్తం 230 వోల్టులూ చట్రం మీదే కూర్చుంటాయి. ఎర్త్ లేదు గనుక ఫ్యూజు పోదు. ముట్టుకున్నవాడే ఫ్యూజు.

మా చేతిలో ఉన్నదాంట్లో చట్రానికి వెళ్ళవలసిన తీగను ఎవరో కటింగు ప్లయరుతో తెగ్గొట్టి, కొనకు నల్లటి నూలు టేపు చుట్టారు. మెగ్గరు పెట్టి చూస్తే ఆ తెగిన తీగకూ ఫేజు తీగకూ మధ్య సున్నా చూపింది. తొడుగు లోపలివైపు కంపెనీవారు అంటించిన సర్వీసు కార్డు ఇంకా ఉంది. మెకానిక్కు వచ్చినప్పుడల్లా తేదీ వేసి సంతకం పెట్టే కార్డు. 1980 ఆగస్టులో, ప్రమాదం జరిగిన వారం రోజులకు, 'మెయిన్స్ సైడ్ అటెండెడ్' అని ఇంగ్లీషులో రాసి ఉంది. అంటే లోపం దొరికింది. ఆ తీగ కోసి మిషన్‌ను నడిపించి, బయటికి మాత్రం లోపం లేదని కాగితం ఇచ్చారు. మిగిలిన భాగం ఇరవై ఏళ్ళు పైగా పనిచేసి, 2003లో అది కూడా షార్టయి ఫ్యూజు కొట్టేసింది.

ఆ పూట ఇక పని చేయలేదు.

బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఫైలు డి.డిస్. అయి ఉన్నా ఈపాటికి ఎప్పుడో బూడిదై ఉంటుంది. ఎరుపు సిరా పంక్తిని ఇప్పుడు కొట్టివేయగల అధికారి ఎవరూ లేరు. అయినా లైన్ ఇన్‌స్పెక్టరు గారు తాము చూసినది ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి సంతకం చేశారు. నేను సాక్షి సంతకం చేశాను. సర్వీసు కార్డు ఫోటో తీయించి, ఆ కెపాసిటర్‌ను చిన్న డబ్బాలో పెట్టుకుని వారి ఇంటికి వెళ్ళాం. పిన్ని గారు ఫ్యామిలీ పెన్షనరు, మన పత్రిక క్రమం తప్పకుండా చదివించుకుంటారు. అంతా విని, "ఆయన చెప్పింది ఇదే గదా నాయనా" అన్నారు. ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టమని కోడలికి ఇచ్చారు. ఇది మన పత్రికలో రాయడానికి అనుమతి కూడా వారే ఇచ్చారు, పేరు వేయవద్దన్నారు.

మిగతా మరమ్మతు త్వరగా చెబుతాను. ఆ కెపాసిటర్ స్థానంలో 275 వోల్టులకు తట్టుకునే, మెయిన్స్ కోసమే చేసిన కొత్తది వేశాం. ఇది ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్యనే ఉంటుంది, చట్రానికి వెళ్ళదు. మోటారును మెగ్గరుతో చూస్తే ఇన్సులేషను ఒక మెగోమ్‌లో మూడోవంతు కూడా లేదు. ఇరవై ఏళ్ళ చెమ్మ. దాన్ని విప్పి చెక్కపెట్టెలో పెట్టి పక్కన బల్బు వెలిగించి మూడు రోజులు ఆరబెడితే అయిదు మెగోమ్‌ల పైకి వచ్చింది. ఒకటి కంటే తక్కువ ఉంటే కరెంటు ఇవ్వకూడదన్నది ఆయన పాటించే నియమం. కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి. ఆ సైజు ఇప్పుడు దొరకదు గనుక డ్రిల్లింగు మిషన్ బ్రష్షులు కొని రాతి మీద అరగదీసి సరిపెట్టాం. రాగి పలకలను సన్నటి గాజు కాగితంతో తుడవాలి, ఎమరీ కాగితం వాడకూడదు, దాని పొడి కరెంటును మోస్తుంది. చివరగా మన సంఘం గదిలో కొత్తగా ఎర్త్ పిట్ తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేయించి, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించాం. ఖర్చంతా కలిపి మూడువేల లోపే. అందులో సగం ఎర్త్‌కే. ఎందుకంత అని కోశాధికారి గారు అడిగితే లైన్ ఇన్‌స్పెక్టరు గారు పై సంగతి చెప్పారు. వోచరు పాసయింది.

మళ్ళీ సీరీస్ లాంపు పెట్టి స్విచ్చి వేశాం. బల్బు మసకగా వెలిగింది, మోటారు మూలిగింది. బల్బు తీసి నేరుగా ఇచ్చాం. డ్రమ్ము తిరిగింది. టెస్టరు చట్రం మీద పెట్టి చూస్తే వెలగలేదు.

మిషన్ ప్రస్తుతం సంఘం కార్యాలయంలో కిటికీ పక్కన ఉంది. అమ్మకం ప్రతిపాదనను కార్యవర్గం వాయిదా వేసింది, రద్దు చేయలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో అది చర్చకు వస్తుంది. నా ఓటు ఎటో చెప్పనక్కరలేదు. ఈలోగా సిరా ఒక ట్యూబు సంపాదించాం. స్టెన్సిళ్ళు మాత్రం పాత పెట్టెలో పదకొండు ఉంటే తొమ్మిది ఎండి పగిలిపోయాయి. సభ్యుల ఇళ్ళల్లో అటకల మీద గాని, పాత ట్రంకుపెట్టెల్లో గాని వాడని స్టెన్సిళ్ళు ఉంటే దయచేసి కార్యాలయానికి పంపగలరు. ఎండలో పెట్టకుండా, చుట్టకుండా, అట్ట మధ్యలో పెట్టి తేవాలి.